చివరి పడవ నుంచి వెనక్కి లెక్క: దీవి మీద వేసవి కచేరీ, నా అనుభవం

దీవి మీద కచేరీ ఒప్పుకునేటప్పుడు మేం మొదట అడిగేది వేదిక కొలతలు కాదు, రాత్రి చివరి పడవ ఎన్నింటికని. ఎంతసేపు వాయించాలి, ఎన్ని పెట్టెలు మోయాలి, రాత్రికి ఆగిపోవాలా, ఇవన్నీ ఆ ఒక్క జవాబు మీదే తేలతాయి. మా బృందంలో గాత్రం, వయొలిన్, వేణువు, గిటారు, మృదంగం ఉంటాయి. కొన్ని సాయంత్రాలు ఒక నర్తకి కూడా కలుస్తుంది. వేసవి సంగీత, కళా సిరీస్‌లలో వారానికో బృందం చొప్పున పిలుస్తుంటారు కాబట్టి మన ముందు వారం ఎవరో, తర్వాతి వారం ఎవరో మనకి తెలియదు. వాళ్లు వదిలేసిన వైరు మనకి దొరుకుతుందని ఆశపడకూడదు.

లెక్క ఇలా ఉంటుంది. చివరి పడవ 10:15కి అనుకుందాం. బండితో ఎక్కేవాళ్లు అరగంట ముందే వరుసలో ఉండాలంటారు, అంటే 9:45. వేదిక నుంచి రేవుకి పదిహేను నిమిషాలు, బండిలోకి సామాను ఎక్కించడానికి ఇంకో పదిహేను, అక్కడికి 9:15. వైర్లు చుట్టి, వాద్యాలు తుడిచి, పెట్టెలకి గొళ్లేలు వేసేసరికి ఎంత తొందరపడ్డా ముప్పావుగంట. అంటే చివరి పాట 8:30కి అయిపోవాలి. శ్రోతలేమో 9:35కి లేచి చేతులూపుకుంటూ నడిచినా అదే పడవ అందుకుంటారు. కొత్త బృందాలు ఇరుక్కునేది ఈ గంటా అయిదు నిమిషాల తేడాలోనే. నిర్వాహకులు శ్రోతల లెక్క ప్రకారం 9:30 దాకా వాయించమంటారు, మనం దానికేముంది అంటాం, తీరా అందరూ వెళ్లిపోయాక రేవులో పెట్టెల మీద కూర్చుని తెల్లారేదాకా దోమలు తోలుకుంటాం. అందుకే మా షరతు ఒకటే: రాత్రి బస ఇస్తే 9:30 దాకా, లేకపోతే 8:30కి మంగళం. ఇది కాగితం మీద ఉండాలి. ఫోన్లో అన్నమాట రేవు దగ్గర చెల్లదు.

ఎంపిక చాలాచోట్ల ముందు శీతాకాలంలోనే జరిగిపోతుంది. వేసవి దగ్గరపడ్డాక దరఖాస్తు పెడితే ఎవరో మానుకున్న ఖాళీ దొరకాలి, అంతే. అడిగేవి అన్నిచోట్లా దాదాపు ఒకటే: వంద మాటల్లో పరిచయం, అచ్చుకి పనికొచ్చే ఫోటో, మూడు నుంచి అయిదు నిమిషాల వీడియో, సాంకేతిక అవసరాల పత్రం. వీడియో దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. స్టూడియోలో కత్తిరించి అతికించిన రికార్డింగు పంపుతారు. ఎంపిక చేసేవాళ్లు చూసేది గొంతు ఎంత తీపి అని ఒక్కటే కాదు. గోడలు లేనిచోట, పిల్లలు అటూఇటూ పరిగెడుతుంటే ఈ బృందం నిలబడుతుందా అని. ఒకే కెమెరా, ఒకే టేకు, ఎదురుగా జనం ఉన్న వీడియో, ధ్వని కాస్త గరగరలాడినా సరే, అదే పంపండి.

సాంకేతిక పత్రం ఒక్క పేజీ దాటకూడదు. పైన వేదిక బొమ్మ: ఎవరు ఎక్కడ, నేల మీద కూర్చుంటారా కుర్చీయా, మానిటర్లు (మన శబ్దం మనకే వినిపించే స్పీకర్లు) ఎటు. కింద ఛానెళ్ల పట్టిక: 1 గాత్రం, 2 వయొలిన్, 3 వేణువు, 4 గిటారు, 5 మృదంగం వలంతల (కుడి మూత), 6 మృదంగం తొప్పి (ఎడమ మూత), 7 శ్రుతి పెట్టె. ఏ ఛానెల్‌కి మైకు, దేనికి నేరుగా డీఐ పెట్టె (వాద్యాన్ని మైకు లేకుండా మిక్సర్‌కి కలిపేది), ఏ మైకుకి పొడవు స్టాండు, దేనికి పొట్టి స్టాండు, అన్నీ ఆ వరుసలోనే రాయాలి. నేల మీద కూర్చుని వాయించేవాళ్లు పొట్టి స్టాండ్లు అని రాయకపోతే నిలువెత్తు స్టాండ్లే వస్తాయి, వాటిని ఎంత వంచినా మృదంగం దాకా దిగవు. పక్కన రెండు వరసలు ఉంచండి: మేం తెచ్చేవి, మీరు పెట్టవలసినవి. దీవి మీద ఈ రెండో వరస ఎంత చిన్నదైతే అంత క్షేమం. ఊళ్లో అయితే మధ్యాహ్నం ఓ వైరు తక్కువైందని తెలిస్తే ఎవరో ఒకరు వెళ్లి తెస్తారు. ఇక్కడ ఆ వైరు రావాలంటే పడవెక్కి రావాలి.

ఒప్పందంలో వాన గురించి ఒక ముక్క అందరూ రాస్తారు. పడవ గురించి రాసేవాళ్లు తక్కువ. మేం మూడు సంగతులు విడివిడిగా అడుగుతాం. పడవలు ఆగిపోయి మేం దీవికి చేరలేకపోతే ఏం చేస్తారు? మేం చేరాక శ్రోతలే రాలేకపోతే? కచేరీ అయ్యాక తిరిగి వెళ్లలేకపోతే ఆ రాత్రి బస ఎవరిది? రెండోదే అన్నిటికంటే చిక్కు. మనం వచ్చేశాం, సామాను దించేశాం, వేదిక ముందు దీవి జనం ముప్పైమంది ఉన్నారు. అప్పుడు పారితోషికం పూర్తిగా ఇస్తారా అన్నది ముందే తేలాలి. ఇంకొకటి: జరుగుతుందా లేదా అనే నిర్ణయం ఎన్ని గంటలకి? అది మనం ఎక్కాల్సిన పడవ కంటే ముందు ఉండాలి. సాయంత్రం నాలుగుకి చెబుతామంటే అప్పటికే మనం దీవి మీద ఉంటాం, ఆ నిర్ణయం మన ఖర్చు మీద జరిగినట్టు.

జనం సంఖ్య కూడా పడవలే తేలుస్తాయి. వంతెన ఉన్న దీవుల సంగతి వేరు. అమెరికాలో 1954లో మొదలైన న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం జరిగే ఊరు కూడా వంతెనలున్న అక్విడ్నెక్ అనే దీవి మీదే ఉంది. ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవికి మాత్రం నీళ్లు దాటే వెళ్లాలి. 1970లో అక్కడ జరిగిన ఉత్సవానికి దీవి జనాభాని మించిన జనం వచ్చిపడ్డారు, మరుసటి ఏడాదే రాత్రిపూట ఆరుబయట 5,000 మందికి పైగా గుమికూడటానికి లైసెన్సు ఉండాలని ప్రత్యేక చట్టం చేశారు. మనం వెళ్లే సిరీస్‌కి వచ్చేది రెండు మూడు వందల మందే కావచ్చు. అయినా అనుమతి పత్రంలో జనం ఎంత, ధ్వని ఎంత, ఎన్నింటికి ఆపాలి అన్న మూడు అంకెలు ఉంటాయి. వాటిని నిర్వాహకుల దగ్గర అడిగి తీసుకోండి.

ఇక సామాను. బండి ఎక్కని పడవైతే ఇంటినుంచి బండికి, రేవులో బండి దగ్గరనుంచి పడవకి, పడవనుంచి మళ్లీ బండికి, బండినుంచి వేదికకి, వెరసి ఒక్కో పెట్టెని కనీసం నాలుగుసార్లు ఎత్తి దించుతాం. రానుపోను ఎనిమిది. అందుకని ఏ పెట్టె అయినా 15 కిలోలు దాటకూడదని పెట్టుకున్నాం. వైర్లన్నీ ఒకే పెద్ద పెట్టెలో వేస్తే ఇద్దరు పట్టాలి, ఆటుకి తడిసిన రేవు మెట్ల మీద ఇద్దరు ఒకే అడుగు వేయడం కుదరదు. రెండు చిన్న పెట్టెలు చేస్తే ఎవరిది వాళ్లు మోసుకుపోతారు. పెట్టె మీద అంకె, లోపలి మూతకి అందులో ఉన్నవాటి జాబితా. తిరుగు ప్రయాణంలో చీకట్లో లెక్కపెట్టేది వస్తువుల్ని కాదు, పెట్టెల్నే. పదకొండు వచ్చాయి, పదకొండు ఎక్కాయి.

బండి ఎక్కే పడవలో అది కింది డెక్కు మీద ఉంటుంది, మనం పైన కూర్చుంటాం. వాద్యాల్ని బండిలో వదిలి పైకి వెళ్లకండి. ఎండలో వరుసలో నిలబడిన బండి లోపల 50 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. వేడికి జిగురు మెత్తబడి వయొలిన్ అతుకులు విడిపోవచ్చు, గిటారు బ్రిడ్జి లేచిపోవచ్చు. స్పీకర్లు, స్టాండ్లు కింద ఉండనివ్వండి, చెక్కా తోలూ ఉన్నవి మాత్రం మనతోపాటే పైకి. పైన ఏసీ గదిలో గంట కూర్చుని బయటికి రాగానే పెట్టె తెరవడం ఇంకో తప్పు. చల్లబడిన వాద్యం మీద సముద్రపు గాలి తగిలితే చెక్క మీద, తీగల మీద చెమట పట్టినట్టు నీళ్లు కమ్ముతాయి. దీవిలో దిగాక నీడలో, మూత తీయకుండా ఇరవై ముప్పై నిమిషాలు ఉంచితే చాలు.

చెక్క వాద్యాలకి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. సముద్రం ఒడ్డున సాయంత్రం అది 80 దాటడం మామూలు. గిటారు పైపలక ఉబ్బి తీగలు ఎత్తుకి లేస్తాయి, వేళ్లు నొప్పి పుడతాయి. వయొలిన్ బిరడాలు ఉబ్బి బిగుసుకుపోతాయి. బలవంతంగా తిప్పితే ఒక్కసారిగా కదిలి తీగ తెగుతుంది. బయల్దేరే ముందు రోజు బిరడాకి కొంచెం పెగ్ పేస్టు రాసుకుంటే ఆ బాధ తప్పుతుంది. కమాను వెంట్రుకలు తేమకి సాగుతాయి, స్క్రూ రోజూ తిప్పేదానికంటే ఇంకో రెండు చుట్లు అడుగుతుంది. కచేరీ అయ్యాక అది వదులు చేయడం మరిస్తే, పొడిగాలికి వెంట్రుకలు బిగిసి కర్ర వంగిపోతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు కుక్కేవాళ్లున్నారు. అవి తేమని లాగడమే తప్ప తిరిగి ఇవ్వవు, మూసిన పెట్టెలో చెక్కని ఎండగట్టేస్తాయి. రెండు వైపులా పనిచేసే తేమ ప్యాకెట్లు దొరుకుతాయి, అవే నయం. ఉక్కు తీగలు ఉప్పు గాలికి ఒక్క సాయంత్రంలోనే గరుకెక్కుతాయి కాబట్టి కొత్తవి రెండు రోజుల ముందే వేసి సాగనివ్వాలి. అదే రోజు వేస్తే కచేరీ అంతా శ్రుతి చేసుకోవడంతోనే సరిపోతుంది.

శ్రుతి గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆరుబయట కచేరీలో చెవికి తెలిసిపోయే తప్పు ఇదే. గాలిలో ధ్వని వేగం డిగ్రీకి సెకనుకి దాదాపు 0.6 మీటర్లు పెరుగుతుంది. వేణువు శ్రుతి దానితోపాటే ఎక్కుతుంది, డిగ్రీకి సుమారు 3 సెంట్లు. ఒక అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒకటి సెంటు. అయిదింటికి సౌండ్ చెక్ వేళ 31 డిగ్రీలు, తొమ్మిదింటికి 24 అయితే లెక్క ప్రకారం వేణువు 21 సెంట్లు దిగాలి. ఊపిరి వేడి వల్ల అంత దిగకపోయినా చెవికి పట్టుబడేంత దిగుతుంది. తీగలది సరిగ్గా ఎదురు దారి. ఎండకి ఉక్కు సాగి శ్రుతి పడిపోతుంది, చల్లబడితే బిగిసి ఎక్కుతుంది. అంటే సాయంత్రం గడిచేకొద్దీ వేణువు కిందికి, గిటారు పైకి. ఎవరికి వారు సౌండ్ చెక్‌లో చేసుకున్న శ్రుతినే నమ్ముకుని కూర్చుంటే మూడో అంశానికల్లా ఇద్దరి మధ్య గోడ లేస్తుంది. 1955లో శ్రుతికి అంతర్జాతీయ ప్రమాణంగా సిఫారసు చేసిన 440 హెర్ట్జ్ ఫోన్లో కనిపించినంత మాత్రాన లాభం లేదు. కదిలించలేని వాద్యం ఏదో దాని వైపే మిగతావాళ్లు వెళ్లాలి.

మా పద్ధతి ఇది. వెదురు వేణువుని లాగి పొడవు పెంచలేం కాబట్టి అదే పెద్ద. కళాకారుడు వేణువుని వాయించకపోయినా రెండు నిమిషాలకోసారి లోపలికి మెల్లగా ఊదుతూ వెచ్చగా ఉంచుతాడు. ప్రతి రెండో అంశం తర్వాత ఒక నిమిషం, మాట్లాడేవాళ్లు మాట్లాడుతుండగా, వేణువు ఒక్క షడ్జం పట్టుకుంటాడు. వయొలిన్, గిటారు దానికి కలుపుకుంటాయి. శ్రుతి పెట్టెలో సన్న సర్దుబాటు మీట తిప్పి దాన్ని కూడా అక్కడికే తెస్తాం. ఈ చివరిది మరిచిపోతే గాయనికి ఒక చెవిలో పెట్టె, ఒక చెవిలో వేణువు, రెండూ రెండు దారులు.

మృదంగానికి వేరే జాతకం. తేమకి తోలు సాగి శ్రుతి దిగుతుంది, ఎండ పొడ తగిలితే బిగిసి ఎక్కుతుంది, ఎక్కువసేపు ఎండలో ఉంటే కరణి (వలంతల మధ్య నల్లటి పూత) పగుళ్లిస్తుంది. సాయంత్రం ఆరుకి వేదిక పక్క ఎండలో పెట్టిన మృదంగాన్ని రాయితో తట్టి శ్రుతి చేసి, ఏడుకి చల్లగాలిలో వాయిస్తే అదంతా వృథా. శ్రుతి చేసేది ఎక్కడ వాయిస్తామో అక్కడే, నీడలోనే. తొప్పికి పెట్టిన రవ్వముద్ద గాలికి తొందరగా ఎండుతుంది. ఎండేకొద్దీ బరువు తగ్గి గుమికి (తొప్పి ఇచ్చే గంభీరమైన నాదం) పోతుంది, శబ్దం డొక్కు డొక్కుమంటుంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్లు, వేలితో తడపడం, అంశాల మధ్య మీద తడిగుడ్డ. పొద్దుగూకాక మంచు పడటం మొదలవుతుంది కాబట్టి వలంతల మీద పొడి తువ్వాలు. ఒకవైపు తడి, ఒకవైపు పొడి, కలగాపులగం చేయకూడదు.

గాలి దిశ తెలియకుండా వేదిక ముఖం ఎటు అని నిర్ణయించకూడదు. ఎండ పెరిగేకొద్దీ నేల వేడెక్కి సముద్రం మీంచి గాలి లోపలికి వీస్తుంది, మధ్యాహ్నం జోరందుకుంటుంది, పొద్దువాలాక తగ్గుతుంది. చాలా చిన్న దీవుల్లో ఈ వరస అంత స్పష్టంగా ఉండదు, అక్కడ పడవ నడిపేవాళ్లని అడగడమే మేలు. మైకులోకి నేరుగా కొట్టే గాలి గుర్రుమంటుంది. ప్రతి మైకుకి మందపాటి స్పాంజి తొడుగు, మిక్సర్‌లో 100 హెర్ట్జ్ దిగువ శబ్దాలకి కోత. వేణువు మైకుకి రెండు గాలులు, ఊపిరిదొకటి, సముద్రానిదొకటి. దాన్ని పెదాలకి ఎదురుగా కాకుండా వేళ్ల వైపు జరపాలి. స్టూడియోలో ముచ్చటగా పలికే కండెన్సర్ మైకులు ఇక్కడ మంచు పడగానే చిటపటమంటాయి. డైనమిక్ మైకులే వాడతాం, ధ్వని కాస్త మొద్దుగా ఉన్నా.

గాలి వేగం చూడటానికి మీటరు లేకపోయినా బ్యూఫోర్ట్ కొలమానం కళ్లముందే ఉంటుంది. కాగితాలు, దుమ్ము లేస్తున్నాయంటే 4, అంటే గంటకి 20 నుంచి 28 కిలోమీటర్లు; అప్పుడు బ్యానర్లు దింపేయండి, అవి తెరచాపల్లా పనిచేస్తాయి. చిన్న చెట్లు ఊగుతున్నాయంటే 5. మడత పందిరి తీసేయడం మంచిది, దాన్ని చేసినవాళ్లు ఇంకా తక్కువకే తీయమని రాస్తే ఆ మాటే వినాలి. గొడుగు పట్టుకోవడం కష్టమైందంటే 6. స్పీకర్లు నేలకి దించేయాలి. 3 మీటర్ల పందిరికి నాలుగు కాళ్లకీ బరువులు కావాలి, ఆ బరువుల్ని పడవలో మోసుకురావడం తెలివితక్కువ. ఖాళీ 25 లీటర్ల డబ్బాలు నాలుగు తెచ్చుకుని దీవిలో నీళ్లు నింపుకుంటే కాలికి 25 కిలోలు. వెళ్లేటప్పుడు పారబోస్తే సరి. స్వరాల కాగితాలకి బట్టల క్లిప్పులు, పేజీకి నాలుగు. రెండు పెడితే మధ్యలో బుర్రున కొట్టుకుంటుంది, ఆ చప్పుడు మైకులో పడుతుంది. టాబ్లెట్ పెట్టుకునేవాళ్లు ఎండ నేరుగా పడకుండా చూసుకోండి, వేడెక్కితే తెర దానంతట అదే చీకటవుతుంది. మెరుపు కనిపించి 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ఆపేసి లోపలికి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు.

ఆరుబయట గోడలు లేవు కాబట్టి మన శబ్దం మనకి తిరిగి రాదు. అలవాటు లేని గాయకులు పది నిమిషాల్లోనే గొంతు పెంచి అరుస్తారు, అరగంటకి బొంగురు. దానికి మందు మానిటరే. ముందు మానిటర్లు సరిచేసి ఆ తర్వాతే బయటి స్పీకర్లు తెరవమని ధ్వని చూసేవాళ్లని బతిమాలుకుంటాం. దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ పడుతుంది: 5 మీటర్ల దగ్గర 90 ఉంటే 10 దగ్గర 84, 20 దగ్గర 78, 40 దగ్గర 72. వెనకవాళ్లకి చాలట్లేదని శబ్దం పెంచితే ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకుంటారు. స్పీకర్లని ఎత్తులో పెట్టి కొంచెం కిందికి వంచితే ముందు వెనకల తేడా తగ్గుతుంది.

ఇందులో నీళ్లు కలగజేసుకునే తీరు మాత్రం దీవికే ప్రత్యేకం. మధ్యాహ్నం కాలిన నేల మీద ధ్వని పైకి వంగిపోతుంది, సౌండ్ చెక్‌లో వెనక వరసకి చాలలేదనిపిస్తుంది. సాయంత్రం చల్లని నీళ్ల మీద వెచ్చటి గాలి పరుచుకుంటే అదే ధ్వని కిందికి వంగి నీళ్ల మీద జారుతూ చాలా దూరం పోతుంది. ఎదురు ఒడ్డున నిద్రపోయేవాళ్లకి మన తనియావర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) వరండాలో జరిగినట్టుంటుంది. ఫిర్యాదులు వచ్చేది తరచుగా అటునుంచే. అందుకని మధ్యాహ్నం పెట్టిన మట్టాన్ని చీకటిపడ్డాక మళ్లీ చూసుకోవాలి, స్పీకర్ల మూతి నీళ్ల వైపు కాకుండా నేల వైపు ఉండాలి.

కరెంటు దగ్గర మొహమాటం వద్దు. రెండు స్పీకర్లు, రెండు మానిటర్లు, మిక్సర్, ఎల్‌ఈడీ లైట్లు కలిపి మా వాడకం 700 నుంచి 900 వాట్లు. 2 కేవీఏ ఇన్వర్టర్ జనరేటర్ సరిపోతుంది, అయితే డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే గరిష్ఠ అంకె కాదు, నిరంతరం ఇచ్చే అంకె చూడాలి, అందులోనూ మూడొంతులు దాటకూడదు. జనరేటర్ గాలి వాలులో, వీలైతే 30 మీటర్ల దూరంలో. పెట్రోలు డబ్బాలు చాలా పడవల్లో ఎక్కనివ్వరు, దీవిలోనే ఏర్పాటు చేయమని ముందే రాయండి. 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకర్ తప్పనిసరి. ఉప్పు తేమ ప్లగ్గుల్లో చేరి అది పదేపదే పడిపోతుంటే చిరాకొచ్చి దాన్ని దాటవేసేవాళ్లని చూశాం. అది ప్రాణాలతో చెలగాటం. జాయింట్లన్నీ గడ్డి మీద నుంచి ఎత్తి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెడితే సగం బాధ తీరుతుంది. గుయ్యిమనే హమ్ వస్తే డీఐ పెట్టె మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి, అంతేగాని ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టకండి.

నర్తకి ఉంటే వేదిక నేల సంగతి సంగీతం కంటే ముందు చూడాలి. నల్లటి పలక ఎండకి కాలిపోతుంది. చేతి వెనక భాగం అయిదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని మీద ఒట్టికాళ్లతో ఆడకూడదు. మధ్యాహ్నమంతా లేతరంగు గుడ్డ కప్పి ఉంచి, కార్యక్రమానికి ముందు తీస్తాం. చీకటయ్యాక అదే నేల మంచుకి జారుతుంది. అందుకే నృత్యం ఉన్న అంశాలు సూర్యాస్తమయానికి అటూఇటూ ఒక అరగంటలోనే, తర్వాత పొడిగుడ్డతో తుడిచినా నమ్మకం లేదు. వేదిక పడమటికి తిరిగి ఉంటే ఆ అరగంటలోనే సూర్యుడు కళ్లలోకి కొడతాడు. మార్చే వీలుంటే వేదికని ఉత్తరానికి తిప్పమని అడగండి.

కార్యక్రమం విరామం లేకుండా 75 నిమిషాలు. విరామమిస్తే జనం రేవు వైపు చూస్తారు. మొదటి పది నిమిషాలు వాద్యాలతోనే, ఎందుకంటే పడవ దిగినవాళ్లు అప్పటికింకా నడిచి వస్తుంటారు. పెద్ద అంశం నలభయ్యో నిమిషం దగ్గర. చివర్లో తీసేయడానికి వీలుగా రెండు చిన్నవి ఉంచుకుంటాం, ఆలస్యంగా మొదలైతే అవే బలి. పాటల జాబితా రెండు ప్రతులు: ఒకటి పాటల హక్కులు చూసే సంస్థకి పంపడానికి నిర్వాహకులకి, ఒకటి ధ్వని చూసేవాళ్లకి.

దోమల మందు గురించి ఒక మాట. డీట్ అనే రసాయనం ఉన్న మందు వార్నిష్‌ని, కొన్ని ప్లాస్టిక్‌లని కరిగిస్తుంది. దాన్ని చేతులకి రాసుకుని వయొలిన్ పట్టుకుంటే గడ్డం పక్కన వేలిముద్ర శాశ్వతం. కాళ్లకి, మెడకి రాసుకుని చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎండ క్రీముకీ ఇదే జాగ్రత్త. లైట్లు తెల్లనివి కాకుండా పసుపువి అడిగితే గాయని నోట్లోకి వెళ్లే పురుగులు కూడా తగ్గుతాయి.

విప్పేటప్పుడు వరస ఇది: ముందు వాద్యాలు, తర్వాత మైకులు, ఆఖరికి వైర్లు. తీగల్ని పొడి నూలు గుడ్డతో పైనా కిందా తుడవాలి. కిందివైపు తుడవడం అందరూ మరిచిపోతారు, తుప్పు అక్కడే మొదలవుతుంది. మైకు తొడుగులు తీసి విడిగా సంచిలో. తడిసిన వైర్లని రాత్రి మూసిన పెట్టెలో ఉంచితే తెల్లారేసరికి జాక్‌ల మీద పచ్చటి చిలుము. బసకి చేరగానే మూతలన్నీ తెరిచి, ఫ్యాను కింద పరుస్తాం. ఇంటికొచ్చాక ప్రతి జాక్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి. ఒక్కో వైరుకి అర నిమిషం పడుతుంది, ఇరవై వైర్లకి పది నిమిషాలు. గుడ్డ మీద గోధుమరంగు మరక కనబడిన వైరుకి ఎర్ర టేపు చుట్టి పక్కన పెడతాం, అది వచ్చే పడవ ఎక్కదు.